ఒంట్లో బాగోలేనివాళ్లని, మనసు బాగోలేనివాళ్లని ఇంగ్లిష్‌లో ఎలా పలకరించాలి?

చందు_కొండాపూర్

అందరికీ నమస్తే. హైటెక్ సిటీలో సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తాను. టీమ్‌లో సగం మంది ఇక్కడ, మిగతావాళ్లు లండన్‌లో, డల్లాస్‌లో. టికెట్ల (కస్టమర్లు పంపే ఫిర్యాదుల) గురించీ సర్వర్ల గురించీ ఎంతసేపైనా ఇంగ్లిష్‌లో మాట్లాడగలను. ఎవరికైనా ఒంట్లో బాగోలేదని తెలిస్తే మాత్రం ఏమనాలో తోచదు. తెలుగులోనైతే "పానం ఎట్లుంది, తిన్నరా, మందులేసుకున్నరా" అని వాటంతటవే వచ్చేస్తాయి.

ఇప్పుడు నా ముందు నాలుగు సందర్భాలున్నాయి. లండన్ మేనేజర్‌కి మోకాలి సర్జరీ అయింది, వచ్చే సోమవారం మళ్లీ డ్యూటీకి వస్తున్నారు. "హౌ ఈజ్ యువర్ హెల్త్ నౌ?" అంటే సరిపోతుందా? డల్లాస్‌లో ఒకతని నాన్నగారు హాస్పిటల్‌లో ఉన్నారు, ఆయనకి ఏం రాయాలి? ఇక్కడ నా పక్క సీటు అమ్మాయి కొన్నాళ్లుగా డల్‌గా ఉంటోంది. ఆమెది ఒడిశా, తెలుగు రాదు, ఏం మాట్లాడినా ఇంగ్లిష్‌లోనే. ఎలా కదపాలి? ఇక నాకే జ్వరం వస్తే "అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్" అని పెడుతున్నాను, అది సరైనదేనా?

గ్రామర్ పుస్తకంలో దొరికేవి కాకుండా నిజంగా జనం వాడే మాటలు చెప్పండి.

---

అమీర్‌పేట_మాస్టారు

చందు గారూ, "హౌ ఈజ్ యువర్ హెల్త్" వ్యాకరణ ప్రకారం తప్పు కాదు. కానీ అది పెద్ద జబ్బు చేసి లేచిన మనిషినో, బాగా వయసు మళ్లినవారినో అడిగినట్టు వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఆరోగ్యాన్ని అలా విడదీసి అడగడం తక్కువ, నేరుగా మనిషినే అడుగుతారు. అందుకు వాడుకలో ఉన్న ప్రశ్నలు పైకి ఒకేలా కనిపించినా ఒక్కోదానికి ఒక్కో చోటుంది.

"హౌ ఆర్ యూ?" ఉత్త పలకరింపు. దానికి "గుడ్, థాంక్స్. హౌ ఆర్ యూ?" అంటే చాలు. నడుం నొప్పి సంగతి అక్కడ ఎత్తితే అవతలివాళ్లు ఇబ్బంది పడతారు. "హౌ హావ్ యూ బీన్?" అనేది కొన్నాళ్లుగా కలవనివాళ్లని అడిగేది. "హౌ ఆర్ యూ ఫీలింగ్?" మాత్రం ఒంట్లో బాగోలేదని మీకు ముందే తెలిసినప్పుడే. ఏమీ లేని మనిషిని ఇలా అడిగితే "ఏం, నా ముఖం అలా ఉందా?" అనుకుంటారు. నిన్న జ్వరమని చెప్పినవాళ్లని ఇవాళ అడగాలంటే "ఆర్ యూ ఫీలింగ్ ఎనీ బెటర్?" ఆ "ఎనీ" చాలా పని చేస్తుంది. కొంచెమైనా తగ్గిందా అన్న అర్థం వస్తుంది, లేదు అని చెప్పడానికి కూడా వాళ్లకి వీలుంటుంది.

పలకడం గురించి ఒక మాట. ముందు అడిగేవారు "హౌ *ఆర్* యూ" అని మధ్య మాట మీద ఊనుతారు. తిరిగి అడిగేవారు "హౌ ఆర్ *యూ*" అని చివరి మాట మీద ఊనుతారు. మా విద్యార్థుల్లో చాలామంది రెండుసార్లూ ఒకేలా అంటారు, దాంతో అప్పజెప్పినట్టు ఉంటుంది. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మాట తీరే మారిపోతుంది.

ఇప్పుడు మీ మేనేజర్ సంగతి. "హౌ డిడ్ ద సర్జరీ గో?" అనేది సర్జరీ అయిన ఒకటి రెండు రోజుల్లో అడిగేది. డ్యూటీకి తిరిగొచ్చే మనిషిని "ఇట్స్ గుడ్ టు హావ్ యూ బ్యాక్. హౌ ఈజ్ ద నీ?" అనండి. "యువర్ నీ" అన్నా తప్పు లేదు కానీ "ద నీ" అంటే ఆ విషయం మనిద్దరికీ తెలిసిందే అన్న చనువు ధ్వనిస్తుంది. ఇరవై మంది ఉన్న కాల్‌లో మాత్రం మొదటి వాక్యంతో ఆపేయండి. మోకాలి ప్రశ్న విడిగా చాట్‌లో అడగండి. ఆయన సర్జరీ సంగతి అందరికీ చెప్పుకున్నారో లేదో మనకి తెలియదు కదా.

తప్పకుండా మానుకోవాల్సినది ఒకటుంది: "వాట్స్ రాంగ్ విత్ యూ?" మనం "ఏమైంది నీకు?" అని ఎంత ఆత్మీయంగా అంటామో అంతే ఆత్మీయంగా దీన్ని వాడేస్తాం. వినేవాళ్లకి అది "నీకేమైనా రోగమా?" అని కసిరినట్టు తగులుతుంది. చివరి రెండు మాటలు తీసేసి "వాట్స్ రాంగ్?" అంటే ఫర్వాలేదు. "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" ఇంకా మెత్తగా ఉంటుంది. "వాట్స్ ద మ్యాటర్ విత్ యూ?" కి కూడా ఇదే వర్తిస్తుంది.

డల్లాస్ మిత్రుడికి "ఐ యామ్ సారీ టు హియర్ అబౌట్ యువర్ డాడ్. హౌ ఈజ్ హీ డూయింగ్?" అని మొదలుపెట్టండి. ఇక్కడ "సారీ" అంటే క్షమాపణ కాదు, ఆ మాట విని బాధ కలిగింది అని. మన వాళ్లు రాసే "అడ్మిటెడ్ ఇన్ హాస్పిటల్" బదులు "అడ్మిటెడ్ టు" రాయాలి. మామూలు మాటల్లో అది కూడా అక్కర్లేదు. అమెరికావాళ్లు "హీ ఈజ్ ఇన్ ద హాస్పిటల్" అంటారు, బ్రిటన్‌లో "ద" లేకుండా "ఇన్ హాస్పిటల్" అంటారు. "హీ ఈజ్ ఆపరేటెడ్" అనకండి, "హీ హ్యాడ్ సర్జరీ" చాలు.

"గెట్ వెల్ సూన్" జ్వరానికి, విరిగిన చేతికి బాగానే ఉంటుంది. నయమయ్యే ఆశ లేని జబ్బులో ఉన్నవారికి అది పంపితే వాళ్ల గుండె కలుక్కుమంటుంది. అక్కడ "అయామ్ థింకింగ్ ఆఫ్ యూ అండ్ యువర్ ఫ్యామిలీ" అనడం మేలు. ఒకవేళ కబురు చెడ్డదైతే "ఎక్స్‌పైర్డ్" వాడొద్దు. మన దగ్గర ఆఫీసు మెయిళ్లలో మామూలే గానీ, బయటి దేశాల్లో ఆ మాట మందుల సీసాకి, క్రెడిట్ కార్డుకి వాడతారు. "పాస్డ్ అవే" అనాలి. పరామర్శకి "అయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అంటే చాలు, దానికి ఇంకేమీ జోడించనక్కర్లేదు.

మీ సెలవు మెసేజ్‌లో మూడు సవరణలున్నాయి. ఒకటి, "సఫరింగ్ ఫ్రమ్" మామూలు జ్వరానికి బరువెక్కువ. రెండు, "ఫీవర్" ముందు "ఏ" ఉండాలి. మూడు, "సిన్స్ టూ డేస్" తప్పు. మొదలైన క్షణం చెప్పేటప్పుడు "సిన్స్", గడిచిన కాలం చెప్పేటప్పుడు "ఫర్": "సిన్స్ మండే", "ఫర్ టూ డేస్". తెలుగులో "సోమవారం నుంచి", "రెండు రోజుల నుంచి" రెండింటికీ "నుంచి" సరిపోతుంది కాబట్టే ఈ తప్పు మనల్ని వదలదు. సరైన వాక్యం: "ఐవ్ హ్యాడ్ ఏ ఫీవర్ ఫర్ టూ డేస్." "అయామ్ హావింగ్ ఫీవర్" కూడా వద్దు. జబ్బు ఉండటం చెప్పడానికి "ఐ హావ్" ఒక్కటే.

---

వార్డు_డ్యూటీ

మాస్టారు గారు చెప్పినదానికి తోడుగా ఒంటి బాధలకి మాటలు చెబుతాను. కార్పొరేట్ హాస్పిటళ్లలో ఇప్పుడు ఆఫ్రికా, గల్ఫ్ దేశాల పేషెంట్లు, ఉత్తరాది డాక్టర్లు చాలామంది. ఇక్కడ మాట తేడా వస్తే మందు కూడా తేడా వచ్చే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ముందు ఈ మూడూ గుర్తుంచుకోండి. మన ఊళ్లో గుండెపోటుని "హార్ట్ స్ట్రోక్" అనీ, ఉత్తినే "స్ట్రోక్ వచ్చింది" అనీ అంటారు. ఇంగ్లిష్‌లో "స్ట్రోక్" అంటే మెదడుకి రక్తం ఆగిపోయో, లోపల రక్తనాళం చిట్లో వచ్చేది, మనం పక్షవాతం అనేది. గుండెకి వస్తే "హార్ట్ అటాక్". డల్లాస్ ఆయన "మై డాడ్ హ్యాడ్ ఏ స్ట్రోక్" అంటే మీరు "హౌ ఈజ్ హిజ్ హార్ట్?" అని అడగకండి. రెండోది, గుండె రక్తనాళంలో వేసేది "స్టెంట్". "స్టంట్" సినిమాలో ఫైట్. మూడోది, కళ్లు తిరిగి పడిపోతే "పాస్డ్ అవుట్" లేదా "ఫెయింటెడ్". దీన్ని "పాస్డ్ అవే" అంటే మనిషి చనిపోయాడని అర్థం. కంగారులో ఈ రెండూ తారుమారైతే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనవుతుంది.

నొప్పికి "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అని మనం అంటాం, ఇండియాలో ఎవరికైనా అర్థమవుతుంది. బయటివాళ్లతో "మై లెగ్ హర్ట్స్" అనండి. ఎదుటివారిని "వేర్ డజ్ ఇట్ హర్ట్?" అని అడగండి. ఒళ్లు నొప్పులు "బాడీ పెయిన్స్" కాదు, "బాడీ ఏక్స్". ఈ "ఏక్" ని చాలామంది "ఏచ్" అని పలుకుతారు. "స్టమక్" కూడా అంతే, చివర "చ్" రాదు. గాయం "వూండ్", "వౌండ్" కాదు. కండరం "మసిల్", "మస్కిల్" కాదు.

తల తిరగడం, కళ్లు తిరగడం రెండింటికీ "ఐ ఫీల్ డిజీ". వాంతి వచ్చేలా ఉంటే "ఐ ఫీల్ నాషస్" లేదా "ఐ ఫీల్ లైక్ త్రోయింగ్ అప్". "వామిటింగ్ సెన్సేషన్" మన దగ్గరే చెల్లుతుంది. "లూజ్ మోషన్స్" కూడా అలాంటిదే, బయట "డయరియా" అనాలి, ఆఫీసులో అంత వివరం ఇష్టం లేకపోతే "యాన్ అప్‌సెట్ స్టమక్" మర్యాదగా ఉంటుంది. ఆయాసానికి "ఐ యామ్ షార్ట్ ఆఫ్ బ్రెత్", గుండె దడకి "మై హార్ట్ ఈజ్ రేసింగ్", కాలు తిమ్మిరెక్కితే "పిన్స్ అండ్ నీడిల్స్", పూర్తిగా స్పర్శ లేకపోతే "నమ్". మెడ పట్టేస్తే "ఏ స్టిఫ్ నెక్", పిక్క పట్టేస్తే "ఏ క్రాంప్". సెలైన్ ఎక్కిస్తున్నారంటే బ్రిటన్‌లో "షీ ఈజ్ ఆన్ ఏ డ్రిప్", అమెరికాలో "ఆన్ యాన్ ఐవీ".

"ఏ" పెట్టాలా వద్దా అన్నది చాలామందిని తికమక పెడుతుంది. కోల్డ్, కాఫ్, ఫీవర్, హెడేక్, సోర్ థ్రోట్ ముందు "ఏ" వస్తుంది. డెంగ్యూ, టైఫాయిడ్, మలేరియా, డయాబెటిస్ లాంటి జబ్బు పేర్లకి రాదు. ఫ్లూకి "ద". జలుబు విషయంలో ఇది తప్పితే అర్థమే మారుతుంది: "ఐ హావ్ ఏ కోల్డ్" అంటే జలుబు, "అయామ్ కోల్డ్" అంటే చలేస్తోంది.

వానాకాలంలో మన దగ్గర ప్రతి ఇంట్లో వినిపించే "వైరల్ ఫీవర్" బయటి దేశాల్లో పెద్దగా వాడరు. "ఏ వైరల్ ఇన్ఫెక్షన్" అనండి. ప్లేట్‌లెట్స్ పడిపోతే "మై ప్లేట్‌లెట్ కౌంట్ ఈజ్ లో". షుగర్ ఉందంటే "ఐ హావ్ డయాబెటిస్", బీపీ ఉందంటే "ఐ హావ్ హై బ్లడ్ ప్రెజర్". "ఐ హావ్ బీపీ" అంటే అర్థం కాదు, బీపీ అందరికీ ఉంటుంది కదా.

"వేడి చేసింది" అన్నదానికి ఇంగ్లిష్‌లో సరితూగే మాట లేదు. "బాడీ హీట్" అన్నా ఎవరికీ ఏమీ తెలియదు. ఏమవుతోందో అది చెప్పండి: నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, కళ్ల మంటా. "మౌత్ అల్సర్స్", "ఇట్ బర్న్స్ వెన్ ఐ పీ", "మై ఐస్ ఆర్ బర్నింగ్". గ్యాస్ కూడా ఇంతే. కడుపు ఉబ్బరమైతే "బ్లోటెడ్", గొంతుదాకా మంట ఎగదన్నితే "హార్ట్‌బర్న్". అయితే ఛాతీలో నొక్కినట్టుండి, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో లాగుతుంటే అది గ్యాస్ అని మీరే తేల్చేయకండి. "చెస్ట్ పెయిన్" అన్న మాటే వాడి వెంటనే 108 కి ఫోన్ చేయండి.

అంకెల్లోనూ తేడాలున్నాయి. మనం జ్వరం ఫారెన్‌హీట్‌లో చెబుతాం, లండన్‌వాళ్లు సెల్సియస్‌లో. మన 98.6 వాళ్లకి 37, మన 100.4 వాళ్లకి 38, మన 102 సుమారు 38.9. వాళ్లు "హర్ టెంపరేచర్ ఈజ్ 39" అంటే తక్కువేలే అనుకోవద్దు, అది గట్టి జ్వరమే. షుగర్ రీడింగ్ కూడా అంతే: బ్రిటన్ అంకెని 18 తో గుణిస్తే మన అంకె వస్తుంది. వాళ్ల 10 మన 180.

నొప్పి ఎంతుందో అడగాలంటే "ఆన్ ఏ స్కేల్ ఆఫ్ జీరో టు టెన్, హౌ బ్యాడ్ ఈజ్ ద పెయిన్?" సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఊహించగలిగినంత నొప్పి అని ముందే చెప్పాలి. చెప్పకపోతే కొందరు పది అంటే బాగుందనుకుంటారు.

---

సైదులు_నల్లకుంట

చందన్నా, లండనోళ్ల ముచ్చట ఒకటి యాదిపెట్టుకో. వాళ్లు పొద్దున కాల్‌ల జాయిన్ కాంగనే "యూ ఆల్‌రైట్?" అంటరు. గది నీకేదో అయిందని కాదు, ఉత్త నమస్తే. "యా, యూ?" అంటే అయిపోయె. మనోళ్లు కొత్తల "వై, వాట్ హ్యాపెన్డ్?" అంటరు, అవతలోళ్లు పరేషాన్ అయితరు.

ఇంకోటి, వాళ్ల మాటలకి కొలత వేరే ఉంటది. "నాట్ టూ బ్యాడ్" అన్నరంటే మంచిగున్నమని లెక్క. "ఐవ్ బీన్ బెటర్" అంటే మంచిగ లేరన్నట్టు. "అండర్ ద వెదర్" అంటే జలుబో, ఒళ్లు నలతో, అంతకు మించి కాదు. పెద్ద జబ్బుకి ఆ మాట అస్సలు వాడొద్దు, తేలికగ తీసుకున్నట్టుంటది. "నాట్ గ్రేట్, టు బి ఆనెస్ట్" అని ఎవరన్నా అంటే అది తలుపు తీసినట్టు. అప్పుడు "ఓ నో, వాట్స్ అప్?" అని అడగొచ్చు, వాళ్లు చెప్పాలనుకుంటున్నరు కాబట్టే గట్లన్నరు.

"ఐ ఫీల్ సిక్" కూడా సముద్రం దాటితే మారుతది. అమెరికాల సిక్ అంటే ఒంట్లో మంచిగలేదు. బ్రిటన్‌ల "ఐ ఫీల్ సిక్" అంటే ఎక్కువసార్లు వాంతికొస్తుందని. "ఐ వాజ్ సిక్ లాస్ట్ నైట్" అంటే రాత్రి వాంతి చేసుకున్ననని. నీకు జ్వరమొస్తే లండన్‌కి "అయామ్ నాట్ వెల్" అని రాయి, ఎక్కడైనా నడుస్తది.

మన దగ్గర ఎవరికన్నా బాగలేదంటే ఇంటికి పోయి పలకరిస్తం. ఏ డాక్టర్, ఎంతైంది, ఏ టెస్టులు చేసిన్రు, అన్నీ అడుగుతం. అడగకపోతే పట్టించుకోలేదని అంటరు. వాళ్ల దగ్గర ఉల్టా. ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పినంత విని, "ఐ హోప్ ఇట్ గెట్స్ బెటర్ సూన్" అని ఆగాలె. జబ్బు పేరు వాళ్లంతట వాళ్లు చెప్తే సరే, చెప్పకపోతే రెండోసారి అడగొద్దు. బిల్లు సంగతైతే అసలే తీయొద్దు. "యూ హావ్ పుట్ ఆన్ వెయిట్", "యూ హావ్ బికమ్ సో థిన్" అని కూడా అనొద్దు. మనకి అవి ప్రేమతో అనే మాటలు, వాళ్లకి అవమానం.

"లెట్ మీ నో ఇఫ్ యూ నీడ్ ఎనీథింగ్" అందరూ అంటరు, ఎవరూ ఏమీ అడగరు. ఏం చేస్తవో నువ్వే చెప్పు. "ఐ కెన్ టేక్ యువర్ టూ ఓ క్లాక్ కాల్ దిస్ వీక్" అను. డాడ్ హాస్పిటల్‌ల ఉన్నోనికి ఆ ఒక్క మాట సాయం ఎంతుంటదో చూడు.

---

కౌన్సెలర్_తార్నాక

మీ పక్క సీటు అమ్మాయి గురించి రాస్తున్నాను. నాలుగు ప్రశ్నల్లో ఇదే ఎక్కువ జాగ్రత్త కోరేది.

ముందుగా, ఆమెతో "యూ ఆర్ లుకింగ్ డల్" అనకండి. మన ఇంగ్లిష్‌లో డల్ అంటే నీరసంగా, దిగులుగా అని. పుస్తకాల ఇంగ్లిష్‌లో మనిషిని డల్ అంటే చురుకులేనిదనో, విసుగు పుట్టిస్తుందనో. "యూ లుక్ టైర్డ్" కూడా ముఖం బాగోలేదన్నట్టే ఉంటుంది. తీర్పు చెప్పకుండా మీ కంటికి కనిపించింది చెప్పి, ఒక ప్రశ్న జోడించండి: "యూ హావ్ బీన్ ఏ బిట్ క్వైట్ దిస్ వీక్. ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" ఆ "ఏ బిట్" ఉండాలి. అది లేకపోతే నిఘా పెట్టినట్టుంటుంది.

చోటు కూడా ముఖ్యమే. నలుగురి మధ్య సీటు దగ్గర "ఆర్ యూ ఓకే?" అంటే నాలుగు తలలు ఇటు తిరుగుతాయి, ఆమె వెంటనే "అయామ్ ఫైన్" అనేస్తుంది. "డు యూ వాంట్ టు గెట్ సమ్ చాయ్?" అని కిందికి తీసుకెళ్లి నడుస్తూ అడగండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, అందుకే మాట తేలిగ్గా వస్తుంది.

అప్పుడు కూడా "అయామ్ ఫైన్" అంటే తవ్వకండి. "ఓకే. అయామ్ అరౌండ్ ఇఫ్ యూ ఎవర్ ఫీల్ లైక్ టాకింగ్" అని వదిలేయండి. రెండు మూడు రోజుల తర్వాత ఇంకొక్కసారి మామూలుగా "హౌ ఆర్ థింగ్స్?" అనండి. మొదటిసారి మర్యాదకి అడిగారని, రెండోసారి నిజంగానే అడుగుతున్నారని మనుషులకి అర్థమవుతుంది. చాలామంది నోరు విప్పేది ఆ రెండోసారే.

ఆమె చెప్పడం మొదలుపెడితే మీ పని తగ్గిపోతుంది. "దట్ సౌండ్స్ రియల్లీ హార్డ్" అనండి. "డు యూ వాంట్ అడ్వైస్, ఆర్ డు యూ జస్ట్ వాంట్ మీ టు లిజన్?" అని అడగడం నేను గట్టిగా సిఫారసు చేస్తాను. మనకి వినగానే సలహా ఇవ్వాలనిపిస్తుంది, చెప్పేవాళ్లకి చాలాసార్లు అది అక్కర్లేదు. "ఎట్ లీస్ట్" తో ఏ వాక్యమూ మొదలుపెట్టకండి. "ఎట్ లీస్ట్ యూ హావ్ ఏ జాబ్" అంటే ఆమె బాధని కొట్టిపారేసినట్టే. "డోంట్ టేక్ టెన్షన్" అన్నా అంతే. అసలు "టేక్ టెన్షన్" అనేది మన దేశం దాటితే లేదు. "ఐ యామ్ టెన్స్డ్" కూడా సరైనది కాదు. ఇంటర్వ్యూ ముందు భయమైతే "నర్వస్", పని ఒత్తిడైతే "స్ట్రెస్డ్", ఇంట్లోవాళ్ల గురించి ఆందోళనైతే "వరీడ్". ఈ మూడూ వేర్వేరు బాధలు. ఏది చెప్పినా టెన్షన్ అని ఒకే పేరు పెడితే మనం సరిగ్గా వినలేదని తెలిసిపోతుంది.

"ఫీల్" గురించి కూడా చెప్పాలి. మన వాడుకలో "తను ఫీలయింది" అంటే నొచ్చుకుందని. ఇంగ్లిష్‌లో "షీ ఫెల్ట్" అని ఆపేస్తే వాక్యం పూర్తి కాదు, ఏమనిపించిందో చెప్పాలి: "షీ ఫెల్ట్ హర్ట్", "షీ వాజ్ అప్‌సెట్". "ఫీలవ్వకు" అనడానికి "డోంట్ ఫీల్" కుదరదు, "ప్లీజ్ డోంట్ టేక్ ఇట్ టు హార్ట్" అనాలి. విసుగ్గా ఉందనడానికి "అయామ్ బోర్డ్". "అయామ్ బోరింగ్" అంటే నేనే విసుగు పుట్టించే మనిషినని.

"డిప్రెషన్" అన్న మాట మీరుగా వాడకండి. అది డాక్టరు చెప్పాల్సిన జబ్బు పేరు. మామూలు దిగులుకి "ఫీలింగ్ లో" లేదా "ఫీలింగ్ డౌన్" ఉన్నాయి. కానీ నిద్ర, తిండి తప్పి రెండు వారాలు దాటినా, "వాట్స్ ద పాయింట్ ఆఫ్ ఎనీథింగ్" లాంటి మాటలు వస్తున్నా తేలిగ్గా తీసుకోవద్దు. సూటిగా, నెమ్మదిగా అడగండి: "ఆర్ యూ థింకింగ్ ఆఫ్ ఎండింగ్ యువర్ లైఫ్?" అలా అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, అడగడం వల్ల మనసులో బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకో, ఆమె నమ్మే స్నేహితులకో కబురు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 లో మొదలుపెట్టిన టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416, రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగుతో పాటు ఇతర భారతీయ భాషల్లోనూ మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి నేరుగా కూడా తీసుకెళ్లొచ్చు. ఇలాంటి మాటలు మాతృభాషలోనే సులువుగా వస్తాయి కాబట్టి "యూ కెన్ స్పీక్ ఇన్ యువర్ ఓన్ లాంగ్వేజ్ దేర్" అని ఆమెకి చెప్పడం మర్చిపోవద్దు.

---

చందు_కొండాపూర్

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ చదివి మూడు మెసేజ్‌లు రాసుకున్నాను, సరిచూడగలరా?

మేనేజర్‌కి: "వెల్‌కమ్ బ్యాక్ సర్. హౌ ఈజ్ ద నీ? హోప్ యూ ఆర్ టేకింగ్ ప్రాపర్ రెస్ట్ అండ్ మెడిసిన్స్."

డల్లాస్‌కి: "సారీ టు హియర్ అబౌట్ యువర్ డాడ్. వాట్ ఈజ్ ద ప్రాబ్లమ్ విత్ హిమ్? హౌ ఈజ్ హీ డూయింగ్? ఐ కెన్ టేక్ యువర్ ఓపెన్ టికెట్స్ టిల్ ఫ్రైడే."

నా సెలవుకి: "అయామ్ నాట్ ఫీలింగ్ వెల్. ఐవ్ హ్యాడ్ ఏ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్. కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టుడే."

---

అమీర్‌పేట_మాస్టారు

బాగా పట్టుకున్నారు చందు గారూ. మొదటిదాంట్లో "సర్" తీసేసి పేరు పెట్టండి, లండన్ ఆఫీసుల్లో మేనేజర్‌ని పేరుతోనే పిలుస్తారు. చివరి వాక్యం పెద్దన్నయ్య జాగ్రత్త చెప్పినట్టుంది. అక్కడ "టేక్ ఇట్ ఈజీ దిస్ వీక్" అంటే సరిపోతుంది.

రెండోదాంట్లో "వాట్ ఈజ్ ద ప్రాబ్లమ్ విత్ హిమ్?" కొట్టేయండి. సైదులు గారు చెప్పినట్టు అది రెండో ప్రశ్న, పైగా "విత్ హిమ్" వల్ల ఆ మనిషిలోనే ఏదో లోపం వెతికినట్టుంది. మిగతాది చక్కగా ఉంది. చివర "నో నీడ్ టు రిప్లై" అని చేర్చండి. హాస్పిటల్ వరండాలో కూర్చున్న మనిషికి జవాబు రాయాల్సిన పని తప్పుతుంది.

మూడోదాంట్లో "కైండ్లీ గ్రాంట్ మీ లీవ్" స్కూల్లో హెడ్మాస్టారికి రాసే ఉత్తరం నుంచి వచ్చింది. ఒంట్లో బాగోలేనప్పుడు బయటి దేశాల టీమ్‌లలో వేడుకోరు, తెలియజేస్తారు. "ఐ వోంట్ బి ఏబుల్ టు వర్క్ టుడే. ద నైట్ షిఫ్ట్ హాజ్ మై ఓపెన్ టికెట్స్. ఐ విల్ అప్‌డేట్ యూ టుమారో మార్నింగ్." పని ఎవరి దగ్గరుంది, మళ్లీ ఎప్పుడు చెబుతారు, ఈ రెండూ ఉంటే ఇంకో ప్రశ్న రాదు. ఇక్కడి హెచ్‌ఆర్ పోర్టల్‌లో మాత్రం వాళ్ల పద్ధతి ప్రకారం అప్లై చేయాల్సిందే.

డల్లాస్ మెసేజ్ పంపే టైమ్ చూసుకోండి. మనకి పొద్దున పది అంటే అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. తండ్రి హాస్పిటల్‌లో ఉన్నవారికి ఆ వేళ ఫోన్ మోగితే ముందు భయమే వేస్తుంది. వేసవిలో మన సాయంత్రం ఆరున్నర దాటాక, చలికాలంలో ఏడున్నర దాటాక పంపండి, అక్కడ పొద్దున ఎనిమిదవుతుంది.